యోయో (1965): మూలనపడిన ఫ్రెంచి హాస్యచిత్రం, దాన్ని వదలని సేకర్తలు

యోయో 1965 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో విడుదలైన నలుపు-తెలుపు హాస్యచిత్రం. దర్శకుడు, కథానాయకుడు పియేర్ ఎతెక్స్. రచన ఆయనదీ, జాఁ-క్లోద్ కారియేర్‌దీ. నిర్మాత పోల్ క్లోదోఁ, ఛాయాగ్రహణం జాఁ బోఫెతీ, సంగీతం జాఁ పయో. నిడివి గంటన్నర పైచిలుకు. అదే ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. సర్కస్ మీదా మూకీ సినిమా మీదా ఇంత ప్రేమతో తీసిన హాస్యచిత్రాలు యూరప్‌లో చాలా తక్కువ. అయినా హాస్యచిత్రాల చరిత్ర చెప్పే పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు ఒకటి రెండు వాక్యాలే. 2010 వరకూ దీన్ని చూడాలంటే మంచి ప్రతి దొరకడమే గగనంగా ఉండేది. సినిమా బాగా లేక ఇలా జరగలేదు. హక్కుల కాగితాల దగ్గర వచ్చిన చిక్కు దాన్ని బయటికి రానివ్వలేదు. ఆ కాలమంతా ఈ సినిమా జ్ఞాపకాన్ని నిలబెట్టినవాళ్లలో పాత రీళ్లు, వాల్‌పోస్టర్లు, చిత్రాల పుస్తకాలు పోగేసుకునే సేకర్తలది పెద్ద పాలు. ఇవాళ ఈ సినిమాకున్న ఆదరణను అర్థం చేసుకోవాలంటే సినిమాతో పాటు వాళ్ల కథా తెలియాలి.

ఎతెక్స్ ఎవరు?

పియేర్ ఎతెక్స్ 1928 నవంబరు 23న మధ్య ఫ్రాన్సులోని రోయాన్ పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడే సర్కస్ పిచ్చి పట్టుకుంది. బొమ్మలు గీయడం నేర్చాడు, రంగు అద్దాల కళలో ఒక నిపుణుడి దగ్గర శిక్షణ పొందాడు. పారిస్ చేరి పత్రికలకు బొమ్మలు వేస్తూ, రాత్రిళ్లు కాబరే వేదికల మీద బఫూన్ వేషం కట్టేవాడు. 1954లో హాస్యచిత్ర దర్శకుడు జాక్ తాతి కంటబడ్డాడు. 'మోన్ ఓంక్ల్' (1958) సినిమాకు తాతి దగ్గర సహాయకుడిగా చేరి హాస్య ఘట్టాలు అల్లాడు, వాటికి బొమ్మలు గీసిచ్చాడు, చివరికి ఆ సినిమా పోస్టరు కూడా తనే గీశాడు. గొడుగు, పైపు, కురచ ప్యాంటుతో నిలబడ్డ తాతి పాత్ర ఉలో బొమ్మ ప్రపంచమంతటికీ తెలుసు. దాన్ని గీసిన చేయి ఎవరిదో తెలిసినవాళ్లు కొద్దిమందే.

తాతి నీడలోనే ఎతెక్స్‌కు కారియేర్ పరిచయమయ్యాడు. తాతి సినిమాలను నవలలుగా రాసే పని ఆ కుర్ర రచయితకు దక్కింది, వాటికి బొమ్మలు వేసే పని ఎతెక్స్‌కు. అలా కుదిరిన జోడీ పదేళ్లకు పైగా కలిసి నడిచింది. ఈ కారియేరే తర్వాత లూయిస్ బున్యుయెల్ సినిమాలకు రచయిత అయ్యాడు. 1985లో అవిన్యోఁ నాటకోత్సవంలో పీటర్ బ్రూక్ ప్రదర్శించిన తొమ్మిది గంటల 'మహాభారతం' నాటకాన్ని రాసిందీ ఆయనే. అందులో ద్రౌపది పాత్రధారి మల్లికా సారాభాయ్. 2015లో భారత ప్రభుత్వం కారియేర్‌ను పద్మశ్రీతో గౌరవించింది. వ్యాసుడి కథను ఫ్రెంచిలోకి దించిన ఆ కలం సినిమాకు మొదట రాసింది ఎతెక్స్ హాస్యమే.

ఇద్దరూ కలిసి తీసిన మొదటి పొట్టి చిత్రం 'రుప్త్యూర్' (1961). ప్రియురాలు తెగతెంపులు చేసుకుంటూ పంపిన ఉత్తరానికి జవాబు రాయాలని ఒకాయన బల్ల ముందు కూర్చుంటాడు. కలం, సిరా, కాగితం, స్టాంపు ఒక్కొక్కటీ ఎదురుతిరుగుతాయి. పన్నెండు నిమిషాల లోపు సినిమాలో ఒక మనిషి, ఒక బల్ల తప్ప పెద్దగా ఏమీ ఉండదు. రెండోది 'ఊరోజానివెర్సేర్' (1962). పెళ్లిరోజు కానుకలతో ఇంటికి బయలుదేరిన భర్త పారిస్ ట్రాఫిక్‌లో చిక్కుకుపోతాడు, ఇంట్లో భార్య భోజనం బల్ల ముందు ఎదురుచూస్తుంటుంది. దీనికి ఉత్తమ లఘుచిత్రంగా ఆస్కార్ వచ్చింది. వెంటనే తీసిన మొదటి పెద్ద చిత్రం 'లె సూపిరాఁ'లో, ఇరవై నాలుగ్గంటలూ నక్షత్రాల లెక్కల్లో మునిగుండే యువకుడిని తల్లిదండ్రులు పెళ్లి చేసుకోమంటారు. పెళ్లికూతురి కోసం వెతుకులాటే కథ. దానికి ఫ్రాన్సులో ప్రతిష్ఠ గల లూయీ దెల్యుక్ బహుమతి దక్కింది. యోయో తీసేనాటికి ఎతెక్స్ వయసు ముప్ఫై ఐదు దాటింది. చేతిలో ఆస్కార్ ఉంది, దెల్యుక్ ఉంది, నిర్మాత నమ్మకం ఉంది. తను చిన్నప్పటినుంచి తీయాలనుకున్న సర్కస్ కథను అప్పుడు ముట్టుకున్నాడు.

కథ

1925. ఒక పెద్ద కోటలాంటి భవంతిలో కోటీశ్వరుడొకడు ఒంటరిగా ఉంటాడు. చుట్టూ లెక్కలేనంతమంది నౌకర్లు. తినిపించేవాళ్లు, తొడిగేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు. ఏదీ అతనికి ఆనదు. బల్ల సొరుగులో ఒక ఫొటో దాచుకున్నాడు. అది ఒకప్పుడు ప్రేమించిన సర్కస్ అమ్మాయిది, గుర్రాల మీద ఫీట్లు చేసే పిల్లది. ఒకరోజు ఆ దారిన ఒక సర్కస్ వస్తే తన ఒక్కడికోసమే భవంతిలో ఆడమంటాడు. ఆ బృందంలో ఆమె కనిపిస్తుంది. ఆమె వెంట బఫూన్ వేషంలో ఒక చిన్న పిల్లవాడు. పేరు యోయో. తన కొడుకే.

ఆమె కోటలో ఉండడానికి ఒప్పుకోదు. సర్కస్ సాగిపోతుంది. 1929 వస్తుంది, స్టాక్ మార్కెట్లు కూలతాయి, కోటీశ్వరుడి ఆస్తి ఆవిరైపోతుంది. అప్పటిదాకా కదలనివాడు కదులుతాడు. మిగిలిన కారు వేసుకుని ఆమెనూ కొడుకునూ వెతుక్కుంటూ పోయి వాళ్లతో కలుస్తాడు. కారుకు ఒక ఇల్లులాంటి బండి తగిలించి ముగ్గురూ ఊరూరా తిరిగి సర్కస్ ఆడతారు. సినిమాలో అందరికంటే హాయిగా ఉండే మనుషులు ఈ ముగ్గురే. చేతిలో చిల్లిగవ్వ ఉండదు, మొహాల్లో వెలుగు మాత్రం తరగదు. దారిలో ఒకసారి పాడుబడ్డ ఆ పాత కోట ముందునుంచి పోతారు. పెద్దయ్యాక దీన్ని మళ్లీ నిలబెడతానని పిల్లవాడు మనసులో అనుకుంటాడు.

యుద్ధం వస్తుంది. పెద్దవాడైన యోయో యుద్ధఖైదీ అవుతాడు. తండ్రి వేషం వేసిన ఎతెక్సే పెద్దయిన కొడుకు వేషమూ వేశాడు, దాంతో తండ్రి ముఖం మనల్ని వదలదు. యుద్ధం ముగిశాక యోయో పేరున్న బఫూన్ అవుతాడు, ఇసోలీనా అనే ఊయల ఆటగత్తె మీద మనసు పడతాడు, టెలివిజన్ వచ్చాక దాన్లోనూ రాణిస్తాడు. డబ్బు పెరిగేకొద్దీ కోట మరమ్మతు సాగుతుంది. చివరికి కోటలో ఘనంగా విందు ఏర్పాటు చేస్తాడు. ఊళ్లో పెద్దలంతా వస్తారు. తల్లిదండ్రులు తమ పాత బండిలో వస్తారు, కానీ లోపలికి రారు. గేటు బయటనుంచే చూసి వెళ్లిపోతారు. విందు మధ్యలోకి ఒక ఏనుగు వస్తుంది. యోయో దాని మీదెక్కి వెళ్లిపోతాడు.

కథ ఇలా చెప్తే విషాదంలా వినిపిస్తుంది. చూస్తే అలా ఉండదు. కొడుకు నిలబెట్టిన కోట తండ్రికి అక్కర్లేదన్న సంగతి ప్రేక్షకుడికి ముందే తెలుసు, యోయోకు మాత్రం తెలియదు. ఆ తేడాలోంచే సినిమా రెండో సగం నవ్వూ బరువూ రెండూ పుట్టుకొస్తాయి.

నవ్వు ఎక్కడ పుడుతుంది?

మొదటి అరగంట దాదాపు మూకీ. 1925 కాబట్టి ఎవరూ మాట్లాడరు, మధ్యమధ్య అక్షరాల పలకలు వస్తాయి. శబ్దం లేదని కాదు. తలుపుల కిర్రు, బూట్ల చప్పుడు, వాయిద్యాలు అన్నీ వినిపిస్తాయి, ఒక్కొక్కటీ చెక్కినట్టుగా. మాట లేనిచోట తలుపు కిర్రుమంటే ఆ కిర్రే డైలాగు అవుతుంది. 1929 రాగానే సినిమాకు మాటలు వస్తాయి. నిజంగానే సినిమాకు మాటలు వచ్చిన కాలమది. కోటీశ్వరుడు దివాలా తీయడం, సినిమా నోరు విప్పడం ఒకే క్షణంలో జరుగుతాయి. ఇంత పెద్ద విషయాన్ని ఎతెక్స్ ఒక్క వాక్యం ఉపన్యాసం లేకుండా దాటించాడు.

ఒక్క ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. కోటీశ్వరుడు కుక్కను షికారు తీసుకెళ్లాలి. పెద్ద కారు వెనక సీట్లో తను ఠీవిగా కూర్చుంటాడు. డ్రైవరు కారును మనిషి నడక వేగంతో నడుపుతాడు. చేతిలో గొలుసు, గొలుసు చివర కారు పక్కనే కుక్క నడుస్తుంటుంది. ఇంతే. ఎవరూ పడిపోరు, ఎవరూ అరవరు, కెమెరా ముఖానికి దగ్గరగా రాదు. కారు, కుక్క, మనిషి ముగ్గురూ ఒకే చట్రంలో ఉంటారు కాబట్టి నవ్వు మనమే కనిపెట్టుకోవాలి. అతని ముఖంలో ఏ భావమూ ఉండదు, అది మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్‌ను చూసి నేర్చిన విద్య. ఆ ఠీవి, ఆ నెమ్మది చూస్తుంటే అతని బతుకంతా ఆ కారు లాంటిదే కదా అనిపిస్తుంది. ఇలాంటివి యోయోలో వందలకొద్దీ ఉన్నాయి. చాలావాటికి ఎతెక్స్ ముందే బొమ్మ గీసుకున్నాడని తెలిసిపోతుంది.

తాతికీ ఎతెక్స్‌కూ ఇక్కడే తేడా. తాతి తెర నిండా మనుషుల్ని పరిచి, నవ్వు ఎక్కడుందో వెతుక్కోమంటాడు. ఎతెక్స్ ఒక్క మనిషిని మధ్యలో నిలబెట్టి, అతని మనసులో ఏముందో వస్తువులతో చెప్పిస్తాడు. ఉలోకు మనసులో ఏముందో మనకు ఎప్పటికీ తెలియదు. ఎతెక్స్ పాత్రలకు ప్రేమ ఉంటుంది, ఆశ ఉంటుంది, ఓడిపోవడం ఉంటుంది. తాతికి అనుచరుడన్న ముద్ర అతన్ని జీవితాంతం వదల్లేదు. యోయో చూసినవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు.

ఇటలీ దర్శకుడు ఫెలీని మీద ఉన్న అభిమానాన్ని ఎతెక్స్ దాచుకోలేదు. సర్కస్ కుటుంబం ఒక ఊరు చేరేసరికి అప్పటికే అక్కడ 'లా స్ట్రాదా' పాత్రలైన జంపనో, జెల్సొమీనా ఆట కట్టారని పోస్టరు కనిపిస్తుంది. ఆ ఊళ్లో ఇక వీళ్లకు గిరాకీ లేదు. సినిమాలు బాగా చూసేవాళ్లకు ఇదొక కానుక, చూడనివాళ్లకు కథ ఏమీ ఆగిపోదు. ఫెలీని ఆ అభిమానాన్ని తిరిగి చెల్లించాడు. 1970లో తీసిన 'ఈ క్లౌన్స్'లో ఎతెక్స్‌ను, అతని భార్య ఆనీ ఫ్రాతెల్లినీని ఇద్దర్నీ చూపించాడు.

మరుగున పడటానికి కారణాలు

మొదటి కారణం కాలం. 1965 ఫ్రెంచి సినిమాకు ఊపిరాడని ఏడాది. ఒకవైపు గొదార్ 'ఆల్ఫావిల్', 'పియెరో ల ఫూ' తీసి విమర్శకుల దృష్టినంతా లాగేసుకున్నాడు. ఇంకోవైపు లూయీ ద ఫ్యునెస్, బూర్విల్ కలిసి నటించిన 'ల కొర్నియో' కోటికి పైగా టిక్కెట్లు అమ్మింది. కొత్తదనం కోరేవాళ్లకు యోయో పాతగా తోచింది. కడుపుబ్బ నవ్వాలనుకున్నవాళ్లకు నెమ్మదిగా తోచింది. రెండు వర్గాలకూ చెందని సినిమాకు ప్రచారం చేసేవాళ్లెవరు?

రెండో కారణం ఎతెక్స్ తర్వాతి ప్రయాణం. 'తాం కోనా లా సాంతే' (1966), రంగుల్లో తీసిన 'లె గ్రాంత్ అమూర్' (1969) వచ్చాయి. రెండోదానిలో నిద్రపోతున్న భర్త మంచం ఇంట్లోంచి కదిలి పల్లెదారుల్లో కారులాగా పరుగెత్తే కల ఘట్టం ఫ్రెంచి హాస్యంలో మర్చిపోలేనిది. ఆ తర్వాత సెలవులు గడిపే ఫ్రెంచి జనాన్ని కెమెరాతో పట్టి 'పేయీ ద కొకాన్య్' (1971) అనే డాక్యుమెంటరీ తీశాడు. జనాన్ని వెక్కిరించాడని విమర్శకులు మండిపడ్డారు. సినిమా ఆడలేదు. దాంతో పెద్దతెరకు సినిమాలు తీసే అవకాశం దాదాపుగా మూసుకుపోయింది. ఎతెక్స్ దంపతులు సర్కస్‌లోకి వెళ్లిపోయి 1970లలో ఫ్రాన్సులో సర్కస్ విద్య నేర్పే పాఠశాల పెట్టారు. ఆనీ తరతరాల సర్కస్ కుటుంబపు బిడ్డ. ఆడవాళ్లు అరుదుగా వేసే ఎర్రముక్కు బఫూన్ వేషం కట్టి పేరు తెచ్చుకుంది, ఎతెక్స్ తెల్లరంగు పూసుకున్న పెద్దమనిషి బఫూన్‌గా ఆమెకు జోడీ కట్టేవాడు. సినిమాను వదిలి సర్కస్‌లోకి వెళ్లడం యోయో చివరి ఘట్టాన్నే గుర్తుచేస్తుంది. 

మూడో కారణమే అసలు గొడవ. 2004లో తమ సినిమాలను మళ్లీ విడుదల చేయించే ఉద్దేశంతో ఎతెక్స్, కారియేర్ ఒక సంస్థతో ఒప్పందం మీద సంతకం పెట్టారు. విడుదల జరగలేదు, హక్కులు మాత్రం ఇరుక్కుపోయాయి. సొంత సినిమాను ఒక చిన్న క్లబ్బులో వేయడానికి కూడా దర్శకుడికి వీల్లేని పరిస్థితి వచ్చింది. ఎనభై ఏళ్లు దగ్గరపడ్డ వయసులో ఆయన కోర్టుకెక్కాల్సి వచ్చింది. సినిమా ప్రేమికులు పిటిషన్ మొదలుపెట్టారు, 50 వేలకు పైగా సంతకాలు వచ్చాయి. 2009లో పారిస్ కోర్టు తీర్పుతో హక్కులు వెనక్కి వచ్చాయి. 2010లో ఐదు పెద్ద చిత్రాలూ, పొట్టి చిత్రాలూ ఎతెక్స్ కళ్లముందే కొత్తగా పునరుద్ధరించి ఫ్రాన్సులో విడుదల చేశారు. 2013లో అమెరికాలో క్రైటీరియన్ సంస్థ అన్నిటినీ ఒక పెట్టెలో పెట్టి డిస్కులుగా తెచ్చింది. అప్పటినుంచే యోయో పేరు ఫ్రాన్సు దాటి కొత్త తరం నోట వినిపిస్తోంది.

సేకర్తలకు ఇది ఎందుకు ముద్దు?

ఏ సినిమా సేకర్తనైనా కదిపేది అరుదుదనం. యోయోకు అది దండిగా ఉంది. దొరకని కాలంలో దీన్ని చూడాలంటే ఎవరి దగ్గరో పాత ఫిల్ము ప్రింటు ఉండాలి, లేదా సినిమా ఆర్కైవు తలుపు తట్టాలి. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 27 మీటర్ల పైచిలుకు పరుగెత్తుతుంది. ఆ లెక్కన యోయో మొత్తం ప్రింటు సుమారు రెండున్నర వేల మీటర్లు, నాలుగైదు పెద్ద రీళ్లు. ఇంట్లో పెట్టుకోవడానికి ఇది పెద్ద భారం. అందుకే చాలామంది సేకర్తలు 16 మిల్లీమీటర్ల ప్రింట్ల మీద ఆశ పెట్టుకునేవారు. ఫ్రాన్సులో సినీ క్లబ్బులకూ బడులకూ ఆ సైజు ప్రింట్లే తిరిగేవి.

ఇక్కడ యోయోకు కలిసొచ్చిన అదృష్టం ఒకటుంది. అది నలుపు-తెలుపు. ఆ ఫిల్ములో బొమ్మను పట్టి ఉంచేది వెండి, అది సరిగ్గా కడిగి ఆరబెట్టిన ప్రింటులో ఏళ్లతరబడి వెలిసిపోదు. అదే కాలపు చాలా రంగుల ప్రింట్లలో రంగులు ఒక్కొక్కటే ఎగిరిపోయి చివరికి గులాబీ ఎరుపు మిగులుతుంది. 1980ల మొదట్లో మేలైన రంగుల ప్రింటు ఫిల్ము వచ్చేదాకా ఇది అందరి బాధే. కాబట్టి 'లె గ్రాంత్ అమూర్' పాత ప్రింటు దొరికినా పచ్చటి చెట్లన్నీ ఎర్రగా కనిపించే ప్రమాదముంది. యోయో పాత ప్రింటు దొరికితే మాత్రం బోఫెతీ పట్టిన బూడిదరంగు వెలుగులు యథాతథంగా కనిపించవచ్చు. మంచి ప్రింటును ప్రొజెక్టరు మీద చూసిన సేకర్తలు డిస్కు చూసినా దాన్ని వదలకపోవడానికి కారణం అదే.

శత్రువు లేకపోలేదు. ఆ కాలపు ఫిల్ము అసిటేట్ మీద ఉంటుంది. తేమా వేడీ తగిలితే అది పులిసి వెనిగర్ వాసన కొడుతుంది, కుంచించుకుపోతుంది, అంచులు అలలాగా వంకర్లు తిరుగుతాయి. ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాలకూ అంటుకుంటుంది. అందుకే సేకర్తలు డబ్బా మూత తీయగానే ముందు వాసన చూస్తారు, తర్వాతే వెలుతురుకు పెట్టి చూస్తారు. కొడాక్ ఫిల్ము అంచున ముద్రించిన చిన్న వృత్తాలు, చతురస్రాలు, త్రిభుజాలు ఆ ఫిల్ము ఏ ఏడాది తయారైందో చెప్తాయి. అప్పట్లో ఆ గుర్తులు 20 ఏళ్లకోసారి తిరిగొచ్చేవి కాబట్టి మిగతా ఆనవాళ్లతో సరిపోల్చుకోవాలి. మొదటి విడుదలనాటి ప్రింటా, తర్వాత తీసిన ప్రతా అన్నది ఇలా తేలుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ప్రింటు చేతిలో ఉన్నంతమాత్రాన సినిమా మన సొంతం కాదు. ఆడించడం అయిపోయాక ప్రింట్లను నాశనం చేయాలన్నది పంపిణీదార్ల ఒప్పందాల్లో ఉండే మాట. చాలా ప్రింట్లు అలా నాశనమయ్యాయి. కొన్ని మాత్రం ఆపరేటర్ల ఇళ్లలో, గోదాముల్లో, పాత సామాన్ల సంతల్లో మిగిలాయి. సేకర్త ఆ ప్రింటును కొనుక్కుని ఇంట్లో చూసుకోవచ్చు, నలుగురిని పిలిచి టిక్కెట్టు పెట్టి ఆడించాలంటే హక్కుదారు అనుమతి కావాలి. హక్కులు కోర్టులో ఉన్నకాలంలో యోయో ప్రింట్ల పరిస్థితి ఇదే: వస్తువు ఉంది, చూపించే వీలు లేదు. అయినా సేకర్తలు పారేయకుండా దాచారు. 1936లో ఆంరీ లాంగ్లువా పారిస్‌లో మొదలుపెట్టిన సినెమతెక్ ఫ్రాంసేజ్ కూడా ఇలాంటి పోగుచేసే పిచ్చిలోంచే పుట్టింది. చెత్తబుట్టలోకి పోయే రీళ్లను ఇంటికి మోసుకెళ్లిన మనుషుల చలవ వల్లే మూకీ యుగంలో మిగిలింది కొంతైనా మిగిలింది. ఈ మాట ఆర్కైవుల వాళ్లు గట్టిగా ఒప్పుకోవాలి.

పోస్టర్ల సంగతి వేరు. ఫ్రెంచి పోస్టర్లలో పెద్దది 120 సెంటీమీటర్ల వెడల్పు, 160 ఎత్తు. మధ్యరకం 60, 80. అప్పట్లో వాటిని మడతపెట్టి థియేటర్లకు పంపేవారు. కాబట్టి 1965 నాటి పెద్ద పోస్టరు మీద మడత గీతలు ఉంటే అది లోపం కాదు, వయసు. ఒక్క మడతా లేకుండా చక్కగా చుట్టిన పోస్టరు కనిపిస్తే మాత్రం తర్వాత ముద్రించిందేమో చూసుకోవాలి. కింది అంచున ముద్రణాలయం పేరు ఉందో లేదో చూస్తారు, కాగితం పలుచదనం వేలితో తడిమి చూస్తారు, మూలల్లో గుండుసూది చిల్లులు లెక్కేస్తారు. చిరుగులుంటే గోధుమ పిండి జిగురుతో పలుచటి కాగితం, దాని వెనక గుడ్డ అతికించి పదిలపరుస్తారు. బెల్జియంలో వేసే చిన్న పోస్టర్లు ఫ్రెంచి, డచ్చి రెండు భాషల్లోనూ ఉంటాయి, గోడ మీద తగిలించుకోవడానికి వీలైన సైజు కాబట్టి వాటికీ గిరాకీ. 2010 పునర్విడుదలకు వేసిన కొత్త పోస్టరును పాతదిగా అమ్మేవాళ్లుంటారు. ఆ తేడా తెలిసేలా ముద్రణ సంవత్సరం ఆరా తీయడం కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్ల మొదటి పాఠం.

యోయో వస్తువులకు అనుకోని వైపునుంచీ పోటీ ఉంది. ఇసోలీనాగా నటించిన క్లోదీన్ ఓజే అదే 1965లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'థండర్‌బాల్'లో డొమినోగా ప్రపంచానికంతటికీ తెలిసిపోయింది. బాండ్ సేకర్తలు ఆమె ఫొటో ఉన్న ప్రతి స్టిల్లుకోసం వెతుకుతారు. దాంతో యోయో స్టిల్ ఫొటోల్లో ఇసోలీనా ఉన్నవి ముందుగా అమ్ముడైపోతాయి. బుల్లి యోయోగా నటించిన ఫిలిప్ దియొన్నే బఫూన్ వేషంలో ఉన్నవి హాస్య ప్రియులకు మిగులుతాయి. నా దృష్టిలో సినిమా ఆత్మ పట్టుబడేది ఆ రెండోరకం ఫొటోల్లోనే.

పుస్తకాలు పోగేసేవాళ్లకు ఎతెక్స్ ఇంకా పెద్ద గని. తాతి సినిమాల నవలలకు ఆయన వేసిన గీతల బొమ్మలు, తర్వాత తానే వేసిన చిత్రాల పుస్తకాలు, టైపురైటరు అక్షరాలతోనే ముఖాలు గీసిన 'దాక్తిలోగ్రాఫిస్మ్' అన్నీ ఒక్క చేతివే. టైపురైటరు కామాలు, కుండలీకరణాలు కలిసి ముక్కూ చెవీ అయ్యే ఆ పేజీలు చూస్తే, యోయోలో ఒక కారు, ఒక కుక్క, ఒక గొలుసుతో మొత్తం మనిషిని గీసిన తీరు ఎక్కడినుంచి వచ్చిందో బోధపడుతుంది.

ఎతెక్స్ సినిమాల్లో సేకర్తలను అన్నిటికంటే తికమకపెట్టేది 'తాం కోనా లా సాంతే'. ఇది నాలుగు విడి కథల సంపుటి. 1966లో విడుదల చేశాక ఎతెక్స్‌కు తృప్తి కలగలేదు, 1971లో తిరిగి కూర్చాడు. అందులోంచి తీసేసిన 'ఆం ప్లెన్ ఫోర్మ్' అనే భాగం 2010లో ప్రత్యేకంగా పొట్టి చిత్రంగా బయటికొచ్చింది. కాబట్టి ఎవరి దగ్గరైనా 1966 నాటి ప్రింటు ఉంటే అది డిస్కులో ఉన్నదానితో సరిపోలదు. ఏ రీలు ఎక్కడ మొదలవుతుందో, ఏ కథ ముందొస్తుందో చూసుకుంటూ అంచు గుర్తులు చదవడం సేకర్తలకు ఆనందం. దర్శకుడు చేతులారా మార్చిన సినిమా మొదటి రూపం ఎలా ఉండేదో ఆ పాత డబ్బాల్లోంచే తెలుస్తుంది.

2010 తర్వాత ఎతెక్స్ తన సినిమాలు వేసే ఊళ్లకు తానే వెళ్లి ప్రేక్షకులతో కూర్చున్నాడు. ఆకీ కౌరిస్మాకి 'లె హావ్ర్' (2011)లో డాక్టరుగా కనిపించాడు. ఒకప్పుడు రొబేర్ బ్రెసోఁ 'పిక్‌పాకెట్' (1959)లో జేబుదొంగల్లో ఒకడి వేషం వేసిందీ ఆయనే. 2016 అక్టోబరు 14న పారిస్‌లో 87 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన చనిపోయే నాటికి యోయోను చూడాలనుకున్న ఎవరికైనా అది దొరుకుతోంది. సేకర్తలు మాత్రం ఇంకా పాత ప్రింట్లు, పోస్టర్లు వెతుకుతూనే ఉన్నారు. పునరుద్ధరించిన ప్రతి ఎంత బాగున్నా అది నెగటివును స్కాన్ చేసి తీసింది. 1965లో ఒక థియేటరు తెర మీద ఏ వెలుగు పడిందో సరిపోల్చుకోవడానికి ఆనాటి ప్రింటు ఒక్కటైనా మంచి స్థితిలో ఉండాలి. ఎవరైనా పునరుద్ధరణ నిపుణుడు రేపు యోయోను మళ్లీ ముట్టుకుంటే, నలుపు ఎంత నల్లగా ఉండాలో తేల్చడానికి అడిగేది అలాంటి ప్రింటు ఉన్నవాళ్లనే.